మాల్టు తీపిని కడిగి తీయడం: చిన్న వంటింటికి ఏ పద్ధతి నప్పుతుంది?

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, రవ్వలా పట్టించి వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారి నీళ్లలోకి దిగుతుంది. కిలో మాల్టుకు మూడు లీటర్ల నీళ్లు పోస్తే వచ్చే రసంలో ఇంచుమించు చెరకు రసంలో ఉన్నంత చక్కెర ఉంటుంది. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. రసమంతా వంచేశాక కూడా పిప్పి ఒక లీటరు దాకా తనలో పట్టుకుని ఉంటుంది. అలా పట్టుకున్నది ఉత్త నీరు కాదు, అంతే చిక్కని తీపి రసం. దాన్ని బయటికి రప్పించాలంటే పిప్పిని మళ్లీ వేడినీళ్లతో కడగాలి. బీరు తయారుచేసేవాళ్లు ఈ పనిని స్పార్జింగ్ అంటారు. చిలకరించడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు అది.

నేను తిరుపతిలో మాల్టు పాకం కాస్తాను. అమెరికాలో టెక్సస్‌లో ఉన్న మా తమ్ముడు తన ఇంటి గ్యారేజీలో బీరు కాస్తాడు. సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి అక్కడ 1978 నాటి చట్టం వీలు కల్పించింది. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. అందుకని నా పని పులియడం దాకా పోదు. తీపి రసం దగ్గర ఆగి, అదే రోజు పొయ్యి మీద పాకంగా ముగుస్తుంది. గింజను కడగడం వరకు మాత్రం మా ఇద్దరి పనీ ఒక్కటే, మా ఇద్దరి ఇబ్బందీ ఒక్కటే: పెద్ద సరంజామా లేదు. మొదటిసారి ఫోనులో ఈ పని వివరిస్తూ వాడు అన్న మాట నాకు ఇప్పటికీ అన్నిటికంటే బాగా ఉపయోగపడుతుంది. "అక్కా, నువ్వు కాఫీకి రెండో డికాక్షన్ తీస్తావు కదా, ఇదీ అదే."

నిజంగా అదే. రెండో డికాక్షన్ కొంతవరకు లాభం. మూడోసారి నీళ్లు పోస్తే రంగు దిగుతుంది, చేదు దిగుతుంది, కాఫీ మాత్రం దిగదు. గింజ విషయంలో ఆ గీత ఎక్కడుందో తెలిస్తే పద్ధతి ఎంచుకోవడం తేలిక.

ముందు గింజ సంగతి

కిరాణా కొట్లో దొరికే తెల్లటి బార్లీ ఈ పనికి పనికిరాదు. పొట్టు తీసి మెరుగుపెట్టిన ఆ గింజ మొలకెత్తదు కాబట్టి పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు అందులో ఉండవు. పొట్టుతో ఉన్న బార్లీని మొలకెత్తించాలి, లేదా తయారైన మాల్టునే కొనాలి. పొట్టు అవసరం ఎంజైముల కోసం మాత్రమే కాదు. వడకట్టేటప్పుడు గింజల మధ్య సందులు ఏర్పరచి రసాన్ని కిందికి వదిలేది ఆ పొట్టే. మన ప్రాంతంలో ఇంటింటా తెలిసిన మొలకల రాగులకు బార్లీకి ఉన్నంత గట్టి పొట్టు లేదు. చిరుధాన్యాల్లో పిండిని చక్కెరగా మార్చే శక్తి రాగి మాల్టుకు బాగానే ఉంది, కానీ వడపోతకు వచ్చేసరికి అది సంగటిలా ముద్దకట్టి చుక్క కూడా వదలదు. రాగి మాల్టు వాడేవాళ్లకు ఇకపై చెప్పబోయే పద్ధతుల్లో గుడ్డ సంచి ఒక్కటే దారి. అదీ కాదంటే శుభ్రంగా కడిగి నానబెట్టిన వరి ఊకను కిలోకు ఒకటి రెండు గుప్పిళ్లు కలపాలి. ఊక తీపిని ఇవ్వదు, పీల్చుకోదు, దారి మాత్రం ఇస్తుంది.

మిక్సీ విషయంలో ఒక మాట. మొదటిసారి నేను మాల్టును మిక్సీలో మెత్తగా తిప్పేశాను. మెత్తగా ఉంటే తీపి ఎక్కువ దిగుతుందనుకున్నాను. చిల్లుల గిన్నెలో పోశాక పైన నీళ్లు నిలిచిపోయాయి, కింద ఏమీ రాలేదు. గంటన్నర తర్వాత గరిటెతో గీకి గుడ్డలోకి మార్చాల్సి వచ్చింది. గింజ రెండు మూడు ముక్కలు కావాలి, పొట్టు మాత్రం చిరగకుండా ఉండాలి. మరకు తీసుకెళ్తే "ఇడ్లీ రవ్వ కన్నా లావుగా" అని చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది. మిక్సీయే దిక్కయితే ఒక్కో గుప్పెడు వేసి రెండుసార్లు ఆన్ చేసి ఆపేయండి.

కడిగే నీళ్లు

ఏ పద్ధతి ఎంచుకున్నా నీళ్ల విషయంలో తప్పు చేస్తే వగరు తప్పదు. కడిగే నీళ్లు 75 నుంచి 77 డిగ్రీల వేడి మీద ఉండాలి. అంతకంటే బాగా వేడెక్కితే, దానికి తోడు నీళ్లు క్షారగుణంతో ఉంటే, పొట్టులోని టానిన్లు కరిగి రసంలోకి వస్తాయి. పచ్చి అరటికాయ కొరికినప్పుడు నాలుక బిగుసుకుపోయినట్టుండే వగరు అది. పాకం చిక్కబడే కొద్దీ ఆ వగరు కూడా చిక్కబడుతుంది, ఎంత తీపీ దాన్ని కప్పిపెట్టలేదు.

థర్మామీటరు లేకపోయినా ఈ వేడిని చాలా దగ్గరగా పట్టుకోవచ్చు. సలసల కాగే నీళ్లు రెండు చెంబులు, మామూలు నీళ్లు ఒక చెంబు కలపండి. మామూలు నీళ్లు 30 డిగ్రీలు ఉంటే కలిపినవి దాదాపు 77 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. పాత్ర కాస్త వేడి లాక్కుంటుంది, సరిగ్గా సరిపోతుంది. మొదట గింజను నానబెట్టడానికైతే కాగే నీళ్లు మూడు చెంబులు, మామూలు నీళ్లు రెండు చెంబులు. అవి 72 డిగ్రీలు ఉంటాయి, గింజ కలిపాక 66 దగ్గరికి దిగుతాయి. పిండి చక్కెరగా మారడానికి ఆ వేడి అనువైనది. అయితే తిరుపతి ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లను మామూలు నీళ్లని లెక్కపెట్టకండి. మధ్యాహ్నానికి అవి 40 డిగ్రీలు దాటి ఉంటాయి, లెక్క తప్పి కడిగే నీళ్లు 80కి చేరతాయి. ఏప్రిల్, మే నెలల్లో కుండ నీళ్లే వాడండి.

క్షారం సంగతి బోరు నీళ్లతో వస్తుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే ఇల్లయితే, కడగబోయే నీళ్లను ముందురోజు రాత్రి పావుగంట మరిగించి చల్లారనివ్వండి. తెల్లారేసరికి సున్నపు మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేటను మాత్రం వంచుకోండి. లీటరుకు అర చెంచా నిమ్మరసం కలిపితే ఇంకా భద్రం. నీళ్ల పులుపు, క్షారం చూపే పీహెచ్ కాగితాలు ఉంటే 6 దాటకుండా చూసుకోండి. కళ్యాణి డ్యాం, తెలుగు గంగ నుంచి వచ్చే కుళాయి నీళ్లున్న వీధుల్లో కూడా కొన్నాళ్లు బోరు నీళ్లు కలుస్తుంటాయి కనుక, నేనైతే నిమ్మరసం ఎప్పుడూ మానను.

నాలుగు దారులు, ఒకే లెక్క

పోలిక సరిగ్గా ఉండాలంటే అన్నిటికీ ఒకే కొలత పెట్టాలి. కిలో మాల్టు, మొత్తం అయిదు లీటర్ల నీళ్లు అనుకుందాం. వంచేసిన పిప్పి ఒక లీటరు పట్టుకుంటుంది. గుడ్డలో గట్టిగా పిండిన పిప్పి అర లీటరే పట్టుకుంటుంది. కరిగిన తీపి నీళ్లలో సమంగా కలిసి ఉంటుంది కాబట్టి, మిగతాదంతా నాలుగో తరగతి లెక్క.

మొదటిది, అసలు కడగకపోవడం. అయిదు లీటర్లూ ఒకేసారి పోసి, గంట తర్వాత వంచేయడం. నాలుగు లీటర్లు చేతికొస్తాయి, ఒక లీటరు పిప్పిలో ఉండిపోతుంది. అంటే కరిగిన తీపిలో 80 శాతం మనది. ఒకే పాత్ర, ఒకే గుడ్డ చాలు. కడిగే నీళ్లే లేవు కనుక వగరు భయం దాదాపు లేదు. మొదటిసారి చేసేవాళ్లు ఇలాగే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. పోయే అయిదో వంతు గురించి దిగులు పడకుండా రసం రుచి ఎలా ఉండాలో ముందు నాలుకకు తెలియనివ్వండి.

రెండోది, సంచిలో నానబెట్టి పిండటం. ఇంటి బీరు కాచేవాళ్లలో ఈ పద్ధతి 2000 దశకంలో ఆస్ట్రేలియా నుంచి ప్రచారంలోకి వచ్చింది. పలుచని నూలు గుడ్డను సంచిలా కుట్టి, పాత్ర లోపల పరచి, మాల్టును అందులోనే పోసి నానబెడతారు. గంట తర్వాత సంచిని పైకెత్తి పిండేస్తారు. అయిదు లీటర్లలో నాలుగున్నర వస్తుంది, అంటే 90 శాతం. కడగకుండానే ఇంత! పిండితే వగరు దిగుతుందన్న భయం పాతకాలం నుంచీ ఉంది. కానీ టానిన్లను వదిలించేది వేడీ, క్షారమూ; చేతి బలం కాదు. నేను ఎన్నోసార్లు పిండాను, నీళ్లు సరిగ్గా ఉన్నప్పుడు ఒక్కసారీ వగరు రాలేదు.

పిండటంలో వచ్చే నష్టం వేరే ఉంది. చివర పిండిన రసం బియ్యం కడుగులా తెల్లగా, చిక్కగా ఉంటుంది. ఆ తెలుపు గింజ పిండి. బీరు కాచే తమ్ముడికి అది పెద్ద లెక్క కాదు, పులిసి తేరుకునేటప్పుడు అడుగుకు దిగిపోతుంది. నాకు అది పెద్ద లెక్కే. ఆ పిండి పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు గిన్నె అడుగున అంటుకుని మాడుతుంది. ఒకసారి మూడు గంటల పని ఆ మాడు వాసనతో పాడైంది. గరిటె అడుగున తగిలినప్పుడు గరగరలాడింది, అప్పటికే ఆలస్యమైంది. అందుకని పిండిన రసాన్ని ఇరుకుగా, ఎత్తుగా ఉండే పాత్రలో పోసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున రెండు వేళ్ల మందాన మడ్డి దిగుతుంది. పై తేటను గరిటెతో తీసుకుని, మడ్డిని వదిలేయండి. ఈ ఒక్క పనికి ఓపిక ఉంటే సంచికి మించిన సులువు లేదు.

సంచి బరువు గురించి కూడా చెప్పాలి. రెండు కిలోల మాల్టు తడిశాక నాలుగు కిలోల దాకా తూగుతుంది, పైగా 65 డిగ్రీల వేడి. చేత్తో పట్టుకుని నిలబడటం ప్రమాదం. మా ఇంట్లో ఉయ్యాల కొక్కేనికి తాడు కట్టి వేలాడదీస్తాను, కింద డబరా పెడతాను. పదిహేను నిమిషాల్లో దానంతట అదే చాలావరకు కారిపోతుంది. చల్లారాక మందపాటి రబ్బరు తొడుగులతో పిండుతాను. పిల్లలున్న ఇంట్లో ఆ పదిహేను నిమిషాలు గది తలుపు వేసుకోండి.

మూడోది, విడతగా కడగడం. మూడు లీటర్లతో నానబెట్టి, రసం వంచేసి, రెండు లీటర్ల వేడినీళ్లు పిప్పిలో పోసి బాగా కలియతిప్పి, పది నిమిషాలు ఆగి మళ్లీ వంచడం. లెక్క చూడండి. మొదటి విడతలో మూడింట రెండు వంతులు వచ్చేసింది. పిప్పిలో ఉండిపోయిన ఒక వంతు కొత్త నీళ్లతో కలిసి మూడు లీటర్లయింది, అందులో రెండు లీటర్లు బయటికొచ్చాయి. మొత్తం 89 శాతం. సంచి పిండినదానికి ఇంచుమించు సమానం, పైగా రసం తేటగా ఉంటుంది. అవే రెండు లీటర్లను లీటరు చొప్పున రెండు విడతలు పోస్తే 92 శాతం వస్తుంది. ఆ మూడు శాతం కోసం రెండోసారి కలపడం, ఆగడం, వంచడం నాకు దండగ అనిపించింది, మానేశాను.

దీనికి కావలసిందల్లా అడుగున చిల్లులున్న ఏదో ఒక పాత్ర. స్టీలు వాటర్ ఫిల్టరు పాతది మూలన పడి ఉంటే దాని కింది భాగం ఈ పనికి చేసిపెట్టినట్టే ఉంటుంది. కుళాయి ప్లాస్టిక్‌ది అయితే స్టీలుదానికి మార్చుకోవాలి. లోపల ఇడ్లీ రేకు బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరచి, గింజను పోయాలి. మొదట వచ్చే రెండు గ్లాసుల రసం మురికిగా ఉంటుంది. దాన్ని పారబోయకుండా పైనే మెల్లగా పోయండి. గింజల పొరే వడపోత గుడ్డలా పనిచేసి, కాసేపటికి తేనె రంగు తేట దిగుతుంది. ఆ మార్పు కళ్ల ముందే జరుగుతుంది. గ్లాసు వెలుతురుకు పట్టి చూస్తే అవతలి కిటికీ చువ్వలు కనిపించడం మొదలవుతుంది, అప్పటి నుంచి పాత్రలోకి వదలండి. కుళాయిని సగమే తిప్పండి. పూర్తిగా తిప్పితే గింజ అడుగుకు బిగుసుకుని ధార ఆగిపోతుంది. ఆగితే కంగారు పడకండి, కుళాయి కట్టేసి, గింజను ఒకసారి కలిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

నాలుగోది, పెద్ద కర్మాగారాల పద్ధతి: ధారగా చిలకరించడం. కింద ఎంత రసం దిగుతుందో పైన అంతే వేడినీళ్లు సన్నగా పోస్తూ, గింజ మీద రెండు వేళ్ల ఎత్తున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండేలా 45 నిమిషాల నుంచి గంటపాటు సాగిస్తారు. కొత్త నీరు పాత రసాన్ని కిందికి నెట్టుకుంటూ పోతుంది, కలిసిపోదు. అందుకే సరిగ్గా కుదిరితే అన్నిటికంటే ఎక్కువ తీపి దీనితోనే వస్తుంది. కుదరాలంటే మాత్రం గింజల పొర లోతుగా ఉండాలి, అడుగున చిల్లులు అంతటా సమంగా ఉండాలి, నీళ్ల వేడి గంటసేపు మారకూడదు. కిలో, రెండు కిలోల మాల్టు వెడల్పు గిన్నెలో నాలుగు వేళ్ల మందాన పరుచుకుంటుంది. అంత పలుచని పొరలో నీరు గోడ వెంబడి ఒక దారి చేసుకుని జారిపోతుంది, మధ్యలో గింజ కడగబడదు. మడిలో గట్టు పక్కన గండి పడితే మధ్యలో పైరు ఎండినట్టే. నేను రెండుసార్లు ప్రయత్నించాను. చెంబు పట్టుకుని గంట నిలబడ్డాక వచ్చిన రసం, విడతగా కడిగినప్పుడు వచ్చినదానికంటే తక్కువ తీపిగా ఉంది. చిన్న వంటింట్లో ఈ పద్ధతి వద్దు.

చన్నీళ్లతో కడగవచ్చా అని అడిగేవాళ్లున్నారు. కడగవచ్చు. అప్పటికే చక్కెరగా మారింది చన్నీళ్లలోనూ కరిగే ఉంటుంది. చిక్కదనం వల్ల ధార నెమ్మదిస్తుంది, తీపి కాస్త తగ్గుతుంది, అంతే. గ్యాసు పొయ్యి ఒక్కటే ఉండి అది ఖాళీ లేనప్పుడు నిశ్చింతగా చేయండి.

ఎంత కడగాలి

ఇక్కడ తమ్ముడి దారి, నా దారి వేరవుతాయి. వాడు 19 లీటర్ల బీరుకు సుమారు 5 కిలోల మాల్టు వాడతాడు. కాచే ముందు వాడికి 25 లీటర్ల రసం కావాలి, కాబట్టి ఎలాగూ పోయాల్సిన నీళ్లలో కొంత కడగడానికి పోతే వాడికి నష్టమేమీ లేదు. వాడు వేడిని కూడా నిలిపి ఉంచే ఐస్‌పెట్టెకు కుళాయి బిగించి, గింజను అందులో పోసి విడతగా కడుగుతాడు. పది కిలోల వేడి సంచిని ఎత్తడం కంటే అదే తెలివైన పని.

నాకు ప్రతి చెంబు నీళ్లూ ఖర్చే. పోసిన నీళ్లన్నీ మళ్లీ పొయ్యి మీద ఆవిరి కావాలి. ఒక లీటరు నీళ్లు పూర్తిగా ఇగరడానికి ఇంటి పొయ్యి మీద సుమారు 100 గ్రాముల గ్యాసు అవుతుంది. ఒకసారి కడిగాక పిప్పిలో మిగిలేది 11 శాతం. ఇంకో లీటరు పోసి కడిగితే అందులో సగం వస్తుంది, కిలో మాల్టుకు దాదాపు 40 గ్రాముల చక్కెర. నలభై గ్రాముల తీపికి వంద గ్రాముల గ్యాసు. చిత్తూరు బెల్లం దొరికే ఊళ్లో ఉండి ఆ బేరం ఎవరూ చేయరు. కాబట్టి పాకం కాచేవాళ్లు ఒక్కసారి కడిగి ఆపండి, అదీ రెండు లీటర్లు మించకుండా. ఇలా చేస్తే నాకు కిలోకు ముప్పావు కిలో దాకా పాకం వస్తోంది.

రసంలో చక్కెర శాతం చూపే బ్రిక్స్ మీటరు, చెరకు, మామిడి గుజ్జు పనివాళ్లు వాడేది, మీకూ ఉంటే, దిగే రసం 2.5 దగ్గరికి వచ్చాక ఆపేయండి. బీరు కాచేవాళ్ల సాంద్రత కొలతలో అది 1.010. లేకపోతే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. తీపి కంటే వగరు ముందు తెలిసిందంటే అప్పటికే ఒక గ్లాసు ఎక్కువ పోసినట్టు. ఇంకో పరీక్ష కడగడానికి ముందే చేయాలి. తెల్ల పళ్లెంలో ఒక చెంచా రసం పోసి టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. నల్లగా నీలంగా మారితే పిండి ఇంకా చక్కెర కాలేదు, మరో ఇరవై నిమిషాలు దుప్పటి కప్పి ఉంచండి. ఆ చెంచాడు రసాన్ని పారబోయండి, నోట పెట్టకండి.

ఎవరికి ఏది అంటే: రాగులో, రాగులూ బార్లీ కలిపిన మిశ్రమమో అయితే సంచి, వేరే ఆలోచన వద్దు. బార్లీ ఒక కిలో లోపయితే కూడా సంచే. రెండు మూడు కిలోల బార్లీ, పాత ఫిల్టరు పాత్ర ఉన్నవాళ్లకు విడతగా ఒక్కసారి కడగడం మేలు. తేట రసం వల్ల పొయ్యి దగ్గర సగం కష్టం తగ్గుతుంది. ఇంట్లో ఒక్కరే ఉండి బరువులు ఎత్తలేని పెద్దవాళ్లు అసలు కడగకుండానే చేసుకోండి. ఆ పది శాతం తేడా నాలుగు చెంచాల పాకం, అంతకు మించి కాదు.

ఏ పద్ధతిలో తీసినా రసాన్ని మర్నాటికి ఉంచకండి. మన వేడికి గాలిలోని ఈస్టు చాలు, సాయంత్రానికి నురగ మొదలవుతుంది. పొద్దున ఆరింటికి గింజ నానబెడితే తొమ్మిదికల్లా రసం పొయ్యి ఎక్కాలి. పిప్పిని వేడి తగ్గాక కుడితిలో కలిపి అదే పూట ఆవుకు పెట్టండి. పక్క వీధిలో పాలు పోసే ఆవిడ ఇప్పుడు నా మాల్టు రోజులు గుర్తుపెట్టుకుని తానే బకెట్టుతో వస్తోంది.